వరికి లేనిది ఊదకేముంది?

ఆకులో దాగిన ఒక ఎంజైమ్ కథ ఇది. వయసు వందల కోట్ల ఏళ్లు. పని నెమ్మది, పైగా తప్పులు. ప్రకృతి దాన్ని తిరగరాయలేక చుట్టూ కొత్త దారులు కట్టుకుంది. ఆ దారుల్ని చదివే పని ఇప్పుడు బైపీసీ వాళ్లదే కాదు, కోడింగ్ నేర్చినవాళ్లది కూడా!

మొదటి ఉద్యోగం పోయి, రెండోది దొరకని మూడు నెలలు నేను తెనాలి దగ్గర మా బాబాయ్ వాళ్ల ఊళ్లో ఉన్నాను. పగలంతా రెజ్యూమెలు పంపడం, సాయంత్రం కాలవ గట్టు మీద నడవడం.. అదే దినచర్య. ఒకరోజు బాబాయ్ ‘ఖాళీగానే ఉన్నావుగా, రా’ అంటూ కలుపు తీయడానికి తీసుకెళ్లాడు. మడిలో దిగాక ఏది వరో, ఏది ఊదో నాకు అర్థం కాలేదు. లేతగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. ఆకు కాండాన్ని అంటుకునే చోట వరికి పల్చటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు. ఆ గుర్తు చూపించి బాబాయ్ ఒక మాట అడిగాడు.

‘‘ఒకటే మడి. ఒకటే నీళ్లు. యూరియా జల్లింది వరికి. ఈ ఊద మాత్రం దాన్ని దాటి పైకి లేస్తది. వరికి లేనిది దీనికేముందిరా? ఇంజనీరువి కదా, చెప్పు.’’

చెప్పలేకపోయాను. ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత బీటెక్. మొక్క గురించి నాకు గుర్తున్నది పదో తరగతి పాఠం ఒక్కటే. ఆ రాత్రి ఫోన్లో వెతకడం మొదలుపెడితే తెల్లారింది. నాలుగేళ్లవుతున్నా ఆ వెతుకులాట ఆగలేదు.

అందరికీ అన్నం పెట్టే నెమ్మదస్తుడు

మనం తినే ప్రతి మెతుకులోని కార్బన్ ఒకప్పుడు గాల్లో ఉన్నదే. దాన్ని కార్బన్ డయాక్సైడ్ రూపంలో పట్టుకుని చక్కెర తయారీకి అందించే ఎంజైమ్ పేరు రుబిస్కో. అసలు పేరు చాలా పొడుగు. 1979లో ఒక శాస్త్రవేత్త పదవీ విరమణ సభలో డేవిడ్ ఐసెన్‌బర్గ్ అనే సహచరుడు సరదాగా, ఒక బిస్కెట్ కంపెనీ పేరుకు దగ్గరగా ఉండేలా ఈ పొట్టి పేరు పెట్టాడు. అదే స్థిరపడిపోయింది.

రుబిస్కోతో రెండు ఇబ్బందులు. మొదటిది వేగం. మామూలు మొక్కలో ఒక రుబిస్కో సెకనుకు మూడు నాలుగు కార్బన్ డయాక్సైడ్ అణువుల్ని మాత్రమే పట్టగలదు. మన రక్తంలో ఉండే కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ సెకనుకు దాదాపు పది లక్షల అణువుల్ని నడిపిస్తుంది. మరి పని జరిగేదెలా? మనిషి నెమ్మదైతే మనుషుల సంఖ్య పెంచినట్టు, మొక్క కూడా ఆకు నిండా రుబిస్కోను నింపుకుంటుంది. వరిలాంటి మొక్కల ఆకుల్లో నీటిలో కరిగే ప్రొటీన్‌లో సగం దాకా ఇదే. ఆకులోని నత్రజనిలో సుమారు పావు వంతు దీనికే పోతుంది. బాబాయ్ చల్లే యూరియా ఎక్కడికి పోతోందో అప్పుడు అర్థమైంది.

రెండోది ఇంకా పెద్ద ఇబ్బంది. రుబిస్కో కార్బన్ డయాక్సైడ్ అనుకుని ఆక్సిజన్‌ను కూడా పట్టేసుకుంటుంది. 25 డిగ్రీల దగ్గర నాలుగుసార్లలో సుమారు ఒకసారి ఈ పొరపాటు జరుగుతుంది. అలా పుట్టిన పనికిరాని పదార్థాన్ని సరిచేసుకోవడానికి మొక్క శక్తి ఖర్చు పెట్టాలి. అప్పటికే పట్టిన కార్బన్‌లో కొంత మళ్లీ గాలికి వదిలేయాలి. దీన్నే కాంతి శ్వాసక్రియ అంటారు. ఎండ ముదిరేకొద్దీ ఈ తప్పులు పెరుగుతాయి. బెజవాడ ఎండ సంగతి వేరే చెప్పాలా!

తప్పు ఎంజైమ్‌దా.. కాలానిదా?

రుబిస్కో పుట్టినప్పుడు గాల్లో ఆక్సిజన్ దాదాపు లేదు. కార్బన్ డయాక్సైడ్ పుష్కలం. రెండిటినీ వేరుచేసి గుర్తుపట్టాల్సిన అవసరమే దానికి రాలేదు. తర్వాత సయనోబాక్టీరియా వచ్చాయి. వరి మడి నీళ్లలో పచ్చగా తేలే నీలి ఆకుపచ్చ నాచు వీటి వారసత్వమే. అవి సూర్యరశ్మితో నీటిని విడగొట్టి, రుబిస్కోతో కార్బన్ పట్టుకుంటూ, ఆక్సిజన్‌ను బయటికి వదిలాయి. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట ఆ ఆక్సిజన్ వాతావరణంలో పోగుపడటం మొదలైంది. అంటే ఏ జీవుల్ని రుబిస్కో పోషించిందో, వాటి పనివల్లే దానికి చిక్కు వచ్చిపడింది.

మరి ఇన్ని కోట్ల ఏళ్లలో ఆ తప్పును పరిణామం ఎందుకు దిద్దలేదు? ఇక్కడ నా మొదటి ఉద్యోగం గుర్తొస్తుంది. ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పదిహేనేళ్ల నాటి ఫంక్షన్ ఒకటి ఉండేది. చాలా స్లో. ఉత్సాహం కొద్దీ దాన్ని మొత్తం తిరగరాశాను. మర్నాటికి మూడు రిపోర్టులు తప్పు లెక్కలు చూపించాయి. మా సీనియర్ పాత కోడ్‌నే వెనక్కి తెచ్చి, దాన్ని కదపకుండా దాని ముందు ఇంకో చిన్న ప్రోగ్రామ్ పెట్టాడు. సరైన డేటా మాత్రమే పాత ఫంక్షన్‌కు వెళ్లేలా చూడటమే దాని పని. సిస్టమ్ పరిగెత్తింది.

పరిణామానికి ఉన్న కష్టం ఇంకా పెద్దది. సర్వర్ ఆపి మరమ్మతు చేసుకునే వీలు దానికి లేదు. ప్రతి తరంలోనూ మొక్క బతికి ఉండాలి, గింజ వేయాలి. పైగా రుబిస్కోలో వేగం పెరిగితే చాలావరకు ఎంపికలో పొరపాట్లు పెరుగుతాయి. ఎంపిక మెరుగైతే వేగం తగ్గుతుంది. మొక్కల రుబిస్కోలో ఎనిమిది పెద్ద ముక్కలు, ఎనిమిది చిన్న ముక్కలు ఉంటాయి. పెద్ద ముక్క జన్యువు క్లోరోప్లాస్ట్‌లో, చిన్న ముక్క జన్యువు కేంద్రకంలో. రెండు చోట్ల తయారై వచ్చి ఒకచోట అమరాలి. ఆ అమరికకు సాయం చేసే ప్రొటీన్లు వేరే ఉన్నాయి. 2022లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ శాస్త్రవేత్తలు రుబిస్కో పూర్వీకుల జన్యుక్రమాన్ని కంప్యూటర్లో ఊహించి, ల్యాబ్‌లో తయారుచేసి చూశారు. ఆదిలో చిన్న ముక్క లేదు. అది చేరాక ఎంపిక సామర్థ్యం పెరిగే దారి తెరుచుకుంది. కానీ కాలక్రమంలో అది లేకపోతే ఎంజైమ్ పనిచేయలేని స్థితి వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని డిపెండెన్సీ అంటారు. ఒకసారి తగులుకుంటే వదలదు.

చుట్టుదారులు కట్టిన తెలివి

ఎంజైమ్‌ను పెద్దగా మార్చలేనప్పుడు దాని చుట్టూ ఉన్న పరిస్థితిని మార్చాలి. జీవులు చేసిందదే.

సయనోబాక్టీరియా రుబిస్కోను ప్రొటీన్‌తో కట్టిన చిన్న డబ్బాల్లో పెట్టి, లోపలికి కార్బన్ డయాక్సైడ్ దండిగా అందేలా ఏర్పాటు చేసుకున్నాయి. కలబంద, బ్రహ్మజెముడు లాంటివి రాత్రి చల్లదనంలో ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ దాచుకుంటాయి. పగలు తలుపులు మూసుకుని వాడుకుంటాయి. నీళ్లు ఆదా.

ఊద ఎంచుకున్నది సీ4 అనే దారి. ఆకులో పని రెండు గదులకు పంచింది. బయటి గదిలో పెప్ కార్బాక్సిలేజ్ అనే వేరే ఎంజైమ్ ఉంటుంది. అది ఆక్సిజన్‌ను చూసి పొరబడదు. కార్బన్‌ను పట్టి, నాలుగు కార్బన్లున్న ఆమ్లంగా మార్చి లోపలి గదికి పంపిస్తుంది. అక్కడ ఆ ఆమ్లం విడిపోయి కార్బన్ డయాక్సైడ్ మళ్లీ బయటపడుతుంది. లోపలి గదిలో రుబిస్కో చుట్టూ అది ఎంతగా కిక్కిరిసి ఉంటుందంటే, ఆక్సిజన్‌కు చోటు దొరకదు. అదే పాత ఎంజైమ్, తప్పులు మాత్రం దాదాపు మాయం! మా సీనియర్ పెట్టిన చిన్న ప్రోగ్రామ్ గుర్తొచ్చిందా?

దీన్ని చెరకు ఆకుల్లో వివరించింది ఆస్ట్రేలియాలో పనిచేసిన హ్యాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు. ఏడాది 1966. ఉయ్యూరు ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు, డెల్టాలో సార్వా వరి కోశాక దున్నకుండానే నాటే మొక్కజొన్న, మన జొన్న, సజ్జ, రాగి, గరిక, తుంగ.. అన్నీ సీ4 జట్టే. వరి, మినుము, పెసర, మిర్చి, పత్తి, గోంగూర పాత సీ3 జట్టు. పూసే మొక్కల జాతుల్లో సీ4వి సుమారు 3 శాతమే. కానీ నేల మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు పావు వంతు వాటిదే.

అయితే సీ4 ఉచితంగా రాదు. ఆ పంపింగ్‌కు అదనపు శక్తి కావాలి. చల్లటి చోట్ల, నీడలో ఆ ఖర్చు గిట్టుబాటు కాదు. ఎండ దండిగా ఉండే మనలాంటి చోట గిట్టుతుంది. ఊద బలానికి ఇదొక్కటే కారణం కాదు, దాని పిలకలు, విత్తనాల లెక్కే వేరు. కానీ బాబాయ్ ప్రశ్నకు ఆకు చెప్పే జవాబు మాత్రం ఇదే.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకొకటుంది. సీ4 పద్ధతి ఒకసారి పుట్టి అందరికీ పంచబడింది కాదు. వేర్వేరు మొక్కల వంశాల్లో విడివిడిగా 60కి పైగా సార్లు పుట్టింది. గాల్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయిన కాలంలో, సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట మొదటివి వచ్చాయి. అందుకు కొత్త ఎంజైములేవీ కనిపెట్టలేదు. పెప్ కార్బాక్సిలేజ్ వరిలోనూ ఉంది, వేరే చిన్న పనులు చేసుకుంటూ. ఉన్న సామానునే కొత్త చోట వాడుకోవడం.. అంతే.

రెండు కట్టల మధ్య తిరుపతి

అది ఒక్క గెంతులో జరగలేదని ఎలా తెలుసు? మధ్య మెట్టు మీద ఆగిన మొక్కలు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి. ఆ మెట్టును చూపించినవాళ్లలో మన తెలుగువాళ్లున్నారు.

పటమట రైతుబజార్‌లో తోటకూర కట్ట, పొన్నగంటి కట్ట పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకే కుటుంబం. తోటకూర సీ4, పొన్నగంటి సీ3. పొన్నగంటికి ముళ్ల కాయలతో అరికాలికి గుచ్చుకునే కలుపు చుట్టం ఒకటుంది. అది సీ4. 1986లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన జి.రాజేంద్రుడు, జె.ఎస్.ఆర్.ప్రసాద్, వి.ఎస్.రామదాస్ ఈ పొన్నగంటి జాతుల్ని పక్కపక్కన పెట్టి పరీక్షించారు. ఆకు నిర్మాణం, గాలి మార్పిడి, ఎంజైమ్‌ల పనితీరు కొలిచారు. అదే ప్రజాతిలో రెండు జాతులు అటు సీ3 కాదు, ఇటు సీ4 కాదు, మధ్యస్థం అని ‘ప్లాంట్ ఫిజియాలజీ’ పత్రికలో ప్రచురించారు.

మధ్యస్థ మొక్కలు చేసే పని డెల్టా శివారు రైతుకు చెప్తే వెంటనే అర్థమవుతుంది. కాలవ నీరు అందని చోట మురుగు కాలవలోకి జారిపోయిన నీటికే ఇంజన్ పెట్టి మళ్లీ తోడుకుంటాం కదా. ఈ మొక్కలు కూడా కాంతి శ్వాసక్రియలో జారిపోయే కార్బన్ డయాక్సైడ్‌ను లోపలి కణాల్లో మళ్లీ పట్టుకుంటాయి. అక్కడి నుంచి పూర్తి సీ4కు దారి దగ్గరే.

అంతకుముందు 1978లోనే ఎ.ఎస్.రాఘవేంద్ర, రాజేంద్రుడు, రామదాస్‌లు ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. మొల్లుగో అనే చిన్న మొక్కలో ఆకు ఉన్న స్థానాన్ని బట్టి సీ3, సీ4 రెండు తీరులూ కనిపించాయన్నది దాని సారం. రాఘవేంద్ర ఆ తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. కెనడాకు చెందిన రోవన్ సేజ్‌తో కలిసి 2010లో సీ4 మీద సంపాదకత్వం వహించిన గ్రంథం ఈ రంగంలో అందరూ తిరగేసేది. కాలికి తగిలే కలుపు మొక్కలే వాళ్లను ప్రపంచ పత్రికల దాకా తీసుకెళ్లాయి.

వరిని మార్చగలమా?

కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. అందులో ప్రధాన పంట వరి. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు తగ్గిన ఏడు దాళ్వా ఉంటుందో లేదో తెలియదు. ఉన్న నీళ్లు, ఉన్న ఎండలో ఎక్కువ గింజ తీయాలంటే ఆకులోని పరిమితి దాటాలి. సూర్యశక్తిలో సీ3 మొక్క సిద్ధాంతపరంగా గరిష్ఠంగా 4.6 శాతాన్ని, సీ4 మొక్క 6 శాతాన్ని పంట పదార్థంగా మార్చగలవని 2008లో అమెరికా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. నీటి విషయంలోనూ సీ4దే పైచేయి. గాల్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వరికి కొంత లాభమే. కానీ దాంతోపాటు వచ్చే వేడి ఆ లాభాన్ని తినేస్తుంది.

అందుకే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దగ్గర సీ4 వరి ప్రాజెక్టు మొదలైంది. తర్వాత ఆక్స్‌ఫర్డ్ దాని నాయకత్వం తీసుకుంది. ఆకు నిర్మాణాన్నే మార్చాలి కాబట్టి పని సుదీర్ఘం. ఆ వరి ఇంకా రైతు పొలానికి రాలేదు. ఇతర దారులూ ఉన్నాయి. 2019లో ఇల్లినాయ్ శాస్త్రవేత్తలు పొగాకులో కాంతి శ్వాసక్రియకు అడ్డదారి వేస్తే పొలంలో మొక్క బరువు సుమారు 40 శాతం పెరిగింది. 2022లో కార్నెల్ బృందం వంకాయ, టమాటా కుటుంబంలో కోట్ల ఏళ్ల నాటి రుబిస్కోలు ఎలా ఉండేవో కంప్యూటర్‌తో ఊహించి, బాక్టీరియాలో తయారుచేసి పరీక్షించింది. వాటిలో కొన్ని నేటి వాటికంటే మెరుగ్గా పనిచేశాయి.

మన దగ్గరా అడుగులు పడుతున్నాయి. బాపట్లలో పుట్టిన సాంబ మసూరిని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ జన్యు సవరణతో మెరుగుపరిచి, 2025 మేలో కమల పేరుతో పరిచయం చేసింది. ఆ సవరణ రుబిస్కోలో కాదు, గింజల సంఖ్యకు సంబంధించిన జన్యువులో. అయినా డెల్టా వరి జన్యువులో అక్షరాలు మార్చగల చేతులు మన దగ్గరే ఉన్నాయని అది చెప్పింది.

ఇందులో మనకేంటి?

ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు సూటిగా చెప్పాలి. ఇది ఆరు నెలల కోర్సు చేసి ప్యాకేజీ అందుకునే రంగం కాదు. పీజీ, పరిశోధన కలిపి ఆరేడేళ్లు పట్టొచ్చు. ఇంట్లో ‘ఇంకా చదువేనా’ అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. కానీ నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, ఇంటి అద్దె భత్యం అదనం. చేతిలో ఏమీ లేకుండా చదివే రోజులు కావు.

బైపీసీ, బీఎస్సీ, అగ్రికల్చర్ నేపథ్యం ఉంటే: గేట్‌లో బయోటెక్నాలజీ లేదా లైఫ్ సైన్సెస్ పేపర్, బయోటెక్నాలజీ పీజీ కోసం గ్యాట్-బీ, పరిశోధనకు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్లాంట్ సైన్సెస్ విభాగం ఉంది. గుంటూరు లాంలోని ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం మనకు పక్కనే.

బీటెక్ వాళ్లయితే: జీవశాస్త్రం రాదని భయపడొద్దు. ఎంజైమ్ పూర్వీకుల్ని ఊహించడం, ప్రొటీన్ ఆకారం కట్టడం, వేల జన్యుక్రమాలు పోల్చడం.. ఇవన్నీ ప్రోగ్రామింగ్ పనులే. ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ తయారుచేసిన వాళ్లకు 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా దక్కింది. ట్రిపుల్ఐటీ హైదరాబాద్‌లో కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్, బయోఇన్ఫర్మాటిక్స్‌కు ప్రత్యేక కేంద్రం ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, రాజేంద్రనగర్ వరి సంస్థ లాంటి చోట్ల పడే ప్రాజెక్ట్ పోస్టుల ప్రకటనలు వాటి వెబ్‌సైట్లలో చూస్తూ ఉండండి. పైథాన్, స్టాటిస్టిక్స్ గట్టిగా ఉంటే మాట్లాడటానికి ధైర్యం వస్తుంది.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి

ఇష్టం ఉందో లేదో తేల్చుకోవడానికి రెండు రోజుల పని చెప్తాను. పైసా ఖర్చు లేదు.

1. ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌లో ఆర్‌బీసీఎల్ అని వెతకండి. అది రుబిస్కో పెద్ద ముక్క జన్యువు. ఊదకు ఎకినోక్లోవా, తోటకూరకు అమరాంథస్, పొన్నగంటికి ఆల్టర్నాంథెరా సెసిలిస్ అనే శాస్త్రీయ నామాలతో వెతకాలి. వరి, మొక్కజొన్నవి కూడా డౌన్‌లోడ్ చేసుకోండి.

2. ఐదింటినీ మెగా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వరుసపెట్టి, వంశవృక్షం గీయించండి.

3. ఏది ఎవరి పక్కన చేరిందో చూడండి. ఊద, మొక్కజొన్న వరి పక్కకు చేరతాయి. తోటకూర పొన్నగంటి పక్కకు. సీ4 పద్ధతి ఉన్నవన్నీ ఒకచోట చేరవు! గడ్డి వంశంలో ఒక చోట, తోటకూర వంశంలో మరో చోట అది విడివిడిగా పుట్టిందన్న మాటకు సాక్ష్యం మీ స్క్రీన్ మీదే కనిపిస్తుంది.

4. దాన్ని గిట్‌హబ్‌లో పెట్టి, ఏం చేశారో ఒక పేజీ రాయండి. ఇంటర్న్‌షిప్‌కు ఏ ప్రొఫెసర్‌కైనా మెయిల్ పెట్టేటప్పుడు ఆ లింక్ జత చేయండి. ‘నాకు ఆసక్తి ఉంది’ అన్న వాక్యం కంటే అది నాలుగు రెట్లు పనిచేస్తుంది.

నేను ఆ వంశవృక్షం గీశాక ప్రింట్ తీసి తెనాలి పట్టుకెళ్లాను. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. ‘‘అంటే ఊద మన వరికి చుట్టమేనా?’’ అన్నాడు. ఔనన్నాను. ‘‘మరి చుట్టం దగ్గరున్నది వీడికి ఎప్పుడొస్తది?’’

ఆ ప్రశ్నకు నా దగ్గర తేదీ లేదు. జవాబు వెతికే వాళ్లలో మీలో ఒకరిద్దరు ఉంటే బాగుండు.